ఓడ వెనక బిగించిన ట్యాంకులు

తొంభైల నాటి మాట. గల్ఫులో, అవాలీ అనే ఆయిలు కంపెనీ ఊళ్ళో నేను పనిచేసిన ఇంటి అయ్యగారు ఇంజనీరు, మన తెలుగువాళ్ళే. ఆ ఎండాకాలం నా కూతురికి ఎనిమిదో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. మొగుడు పోయినదాన్ని, మా ఇంట్లో ఇంకెవరూ లేరు. నేను లేకపోతే దానికి పుట్టిల్లంటే తాళం వేసిన ఇల్లే. నాకు సెలవు కూడా వచ్చేసింది. అమ్మగారేమో కొత్తగా ఉద్యోగంలో చేరి, "ఇంకో మూడు నెలలు ఉండిపోవే" అని పట్టుకుంది. ఉంటాననే ఆశతో వంటింటి పక్క నా గదికి ఏసీ పెట్టించింది.

ఓ సాయంత్రం టీ ఇవ్వడానికి హాల్లోకి వెళితే టీవీలో అంతరిక్షంలో తిరిగే ఓడని చూపిస్తున్నారు. లోపల మనుషులు తేలుతున్నారు. నాకప్పటికి అక్షరం ముక్క రాదు, ఇంగ్లీషు అసలే రాదు. అయ్యగారే చెప్పారు.

"ఇదివరకు తొందరగా దిగిపోవాల్సొచ్చేది. ఇప్పుడు ఓడ వెనక ఇంకొన్ని ట్యాంకులు బిగించారు. ఆక్సిజన్, హైడ్రోజన్. ఆ రెండూ కలిస్తే కరెంటు పుడుతుంది, తాగడానికి నీళ్ళూ వస్తాయి. అవి అయిపోతే ఖలాస్. ఉన్నన్నాళ్ళూ పైనే ఉండొచ్చు."

"ఉంటారా అని వాళ్ళనడిగే బిగించారా అయ్యగారూ?"

ఆయన నవ్వారు. "అడిగేదేముంది? ఎగిరి గంతేస్తారు. పైకెళ్ళడానికి ఏళ్ళ తరబడి కాచుకుంటారు."

"మరి కిందున్న వాళ్ళ ఆడాళ్ళో?"

"నీకు అన్నిట్లోనూ నీ గోలే!" అంది అమ్మగారు.

"అవునమ్మా, నా గోలే. నన్ను పంపించెయ్యండి."

"ఏసీ కూడా పెట్టించాం కదే! ఇంకా నీకేం తక్కువైంది?"

"నా కూతురు."

అయ్యగారు టీవీ సౌండు పెంచారు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉంది. కప్పులు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను.

ఆ మూడు నెలలూ ఉన్నాను. పని మానలేదు, మాట తగ్గించానంతే. శుక్రవారాలు వాళ్ళు పట్నానికి, మనామా వెళితే ఇంట్లో నేనొక్కదాన్నే. కిటికీలోంచి చూస్తే ఇసుక, దాని మీద ఆయిలు గొట్టాలు. ఆ ఓడలో వాళ్ళే నయం, కబుర్లాడుకోడానికి పక్కన మనిషన్నా ఉన్నాడు అనుకునేదాన్ని.

కూతురు మా చెల్లెలింట్లో కంది. మగపిల్లాడు. అయ్యగారే ఫోను కలిపి ఇచ్చారు.

"పచ్చి బాలింతవి, చన్నీళ్ళు ముట్టుకోకు. చెవుల్లో దూది పెట్టుకో. తలకి గుడ్డ..."

"పిన్ని అన్నీ చెప్పిందమ్మా. దగ్గరుండి చేస్తోంది కూడా. నువ్వేం బెంగపెట్టుకోకు."

ఇక చెప్పడానికి నాకేం మిగల్లేదు.

"పిల్లాణ్ణి ఫోను దగ్గరికి తీసుకురావే, గొంతు వింటాను."

"ఇప్పుడే పడుకున్నాడమ్మా. లేపొద్దంది పిన్ని."