మా తమ్ముని పేరున పిడికెడు

సమస్త కృపకు మూలమైన దేవునికి స్తోత్రం. ఎండిన నేలకు వాన ఇచ్చేవాడూ, ఇయ్యని ఏండ్లలో కూడా మమ్మల్ని ఆ నేల మీదే నిలబెట్టినవాడూ ఆయనే గనక, ఒక్క సంగతైనా చెప్పకముందే ఆయన నామానికి మహిమ చెల్లించి ఈ మాటలు మొదలుపెడుతున్నాను.

పోయిన ఆదివారం హిందూపురంలో మా ఆరాధనకు ఒక ముసలామె వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె కొంగు సర్దుకున్నప్పుడు చీర మడతల్లోంచి కలరా ఉండల వాసన గుప్పుమంది. ప్రసంగం సగంలో ఉంది. నేను మాత్రం అక్కడ లేను.

నాకు అది ఆదివారపు వాసన. పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ, రైలు పోతుంటే ఇంట్లో గిన్నెలు సన్నగా అదిరేంత దగ్గరగా ఉన్న మా ఊళ్ళో, మా నల్ల రేకుపెట్టె వారానికి ఒక్కసారే తెరుచుకునేది. నాయన తెల్లచొక్కా, అమ్మ నీలం చీర, నా గౌను, తమ్ముడు సామేలు నిక్కరు, అన్నీ ఆ వాసనతోనే బయటికొచ్చి, బండలు కప్పిన మా చిన్న చర్చిలో పాటలయ్యే వేళకు చెమట వాసనలో కలిసిపోయేవి. మృగశిర కార్తెలో ఆకాశాన వాన మోడాలు పట్టి, గాలికి చెదిరి, మళ్ళీ పట్టే రోజుల్లో విత్తనపు వేరుసెనగలు, మా మాటలో చెనిక్కాయలు, గంపల్లో తెచ్చి ప్రార్థన చేయించుకునేవాళ్ళు. పిల్లలం కండ్లు మూసుకున్నట్టే ఉండి, గంపలో చెయ్యిపెట్టి రెండేసి గింజలు నోట్లో వేసుకునేవాళ్ళం. క్రిస్మస్‌కు అవ్వ అత్తిరాసాలు వత్తేది. బెల్లం పాకం వాసనకు వీధి పిల్లలంతా, ఏ మతం వాళ్ళయినా, మా గడప ముందు గులకరాళ్ళతో అచ్చెనగండ్లు ఆడుతూ కాచుకుని ఉండేవాళ్ళు.

మా సంఘంలో ఒక ఆచారం ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడిగే ముందు, ప్రతి ఇంటి ఆడమనిషీ ఒక పిడికెడు తీసి వేరే మట్టి గురిగిలో వేసేది. అది దేవుని పాలు, ఆయన వంతు. ఆదివారం ఆ చిన్న గురిగిని చర్చికి తెచ్చి ముందున్న గంపలో కుమ్మరిస్తే, గంప పాస్టరు అయ్యగారి ఇంటికి పోయేది. ఒకరిది కొత్త బియ్యం, ఒకరిది పాతది, ఒకరిది కంట్రోలు బియ్యం, ఏమీ లేనివాళ్ళవి నూకలు, కొర్రలు. అన్నీ కలిసిన ఆ బియ్యం ఎట్లా వండినా సగం మెత్తగా, సగం పలుకుగా ఉండేదట. అయ్యగారి భార్య నవ్వుతూ అనేది: "మీ సంఘం ఎట్లుండాదో నా కుండ జూస్తే తెలుస్తాది. ఒగరు ఉడికితే ఒగరు ఉడకరు."

అందరూ ఇంటికొక పిడికెడు తీస్తే, మా అవ్వ మనిషికొక పిడికెడు తీసేది. ఒక్కో పేరు పలికి, చేట్లో చెయ్యి ముంచి, గురిగిలో వదిలేది. "మా ప్రకాశం పేరున." అది నాయన. "రత్నమ్మ పేరున." అది అమ్మ. "కరుణ పేరున, సామేలు పేరున."

"అవ్వా, నాది పెద్ద పిడికిలి తియ్యి. దేవునికి బాగా గుర్తుంటా," అనేవాడు సామేలు.

"ఇట్లే తీస్తాంటే దేవునికి అన్నం, మనకు గంజి," అనేవాడు నాయన. నవ్వుతూనే అనేవాడు.

పంట పోయిన ఏడాది, ఎండాకాలంలో, సామేలుకు జ్వరం తగులుకుంది. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. మాట పడిపోయినాక నాయన వాణ్ణి భుజాన వేసుకుని ప్యాసింజరు రైల్లో హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. పోయింది రైల్లో. తిరిగి వచ్చింది బాడుగ జీపులో, దుప్పట్లో చుట్టుకుని. జీపు ఆగిన చప్పుడుకు నేను బయటికి పరుగెత్తి, నాయన ముఖం చూసి, వాకిట్లోనే నిలబడిపోయాను.

ఆరాధన చివర మాకు సాక్ష్యాల సమయం అని ఒకటి ఉండేది. వారంలో దేవుడు చేసిన మేలును ఎవరికి వాళ్ళు లేచి చెప్పాలి. ఒకరి ఎనుము ఈనింది, ఒకరి కాలి పుండు మానింది, ఒకరి కొడుక్కు ధర్మవరంలో మగ్గం పని దొరికింది. సామేలు పోయిన తరువాతి ఆదివారం మమ్మల్ని చూసి ఎవరూ లేవలేదు. అప్పుడు అవ్వ గోడ పట్టుకుని లేచింది.

"దేవునికి స్తోత్రం," అంది. "మా సామేలు పోయినాడు. నా కాళ్ళు నన్ను ఈడికి తెచ్చినాయి. అంతే."

నాయన లేచి బయటికి నడిచాడు. ఇంటికొచ్చినాక అవ్వ ముందు నిలబడి, "స్తోత్రం ఏంటికి మా? వాణ్ణి తీసుకపోయినందుకా?" అన్నాడు. అవ్వ పొయ్యి దగ్గరికి పోయి ఎసరు పెట్టింది. ఆ రోజు పెట్టెలో పడిన తెల్లచొక్కాను ఆయన మళ్ళీ ఏ ఆదివారమూ తీయలేదు. అమ్మ తిండి మానేసి మంచం పట్టడంతో, మేనమామ వచ్చి ఆమెను కొన్నాళ్ళు ఉంచుకుంటానని ముదిగుబ్బకు, పుట్టింటికి తీసుకుపోయాడు. అవ్వ మాత్రం ఎసరు పెట్టిన ప్రతిసారీ సామేలు పేరున కూడా పిడికెడు తీస్తూనే ఉంది. ఆ పేరు వినబడగానే నాయన కండువా దులుపుకుని చేని దిక్కు పోయేవాడు.

అప్పుడు నేను బాప్తిస్మానికి సిద్ధపరిచే తరగతిలో ఉన్నాను. వాక్యాలు కంఠతా చెప్పడంలో సంఘంలో నాకు పేరు. అయ్యగారు ఏ ప్రశ్న వేసినా నా జవాబు ముందుండేది. ఒకరోజు చెనిక్కాయలు ఒలుస్తూ నాయన అడిగాడు.

"బాప్తిస్మం తీసుకుంటాండావంట. ఏంటికి మే?"

"రక్షణ కోసరం నాయనా."

"అది అయ్యగారి మాట. నీ మాట చెప్పు."

నా దగ్గర నా మాట లేదు. తమ్ముడు లేని ఇంట్లో, వాడి కోసం చేసిన ప్రార్థన ఏమైందో తెలియకుండా, దేవుడే నా బతుకుకు అర్థం అని అందరి ముందు ఎట్లా చెప్పేది? చెప్పకపోతే మరి దేన్ని పట్టుకుని పెరిగేది? కంఠతా వచ్చిన వాక్యాలన్నీ నోట్లో ఇసుకలా ఉండేవి. చివరికి అవ్వకు చెప్పేశాను, నేను తీసుకోనని. తిడుతుందనుకున్నాను.

"వద్దంటే వద్దులే," అంది అవ్వ. "నీళ్ళు యాడికీ పోవు."

ఆ వారంలోనే అవ్వకు చలిజ్వరం వచ్చి పడుకుంది. వంట నా మీద పడింది. ఒక సాయంకాలం ఎసరు కాగింది. చేట్లో బియ్యం తీసుకుని నేరుగా కడగబోయాను. మరచిపోయి కాదు. నమ్మకం లేకుండా తీయడం అబద్ధం అవుతుందని. గడప దగ్గర కూర్చుని ఉన్న నాయన చూశాడు.

"ఉండు మే. పిడికెడు తీయలేదు."

"నీకే నమ్మకం లేదు గదా నాయనా."

ఆయన లేచి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. మగవాడు ఆ గురిగి ముట్టడం నేను అంతవరకు చూడలేదు. "మా అమ్మ పేరున," అని ఒకటి వేశాడు. రత్నమ్మ పేరున, కరుణ పేరున వేశాడు. తరువాత చెయ్యి చేట్లోనే ఉండిపోయింది. "సామేలు పేరున," అన్నాడు ఎట్లాగో. పిడికిలి గురిగి మీదికి వచ్చింది గాని తెరుచుకోలేదు. చాలాసేపటికి వేళ్ళ సందుల్లోంచి గింజలు జారాయి.

"వాడు పోయినాక వాని పేరు నా నోట రాలేదు," అన్నాడు. "యాడ చెప్పేది? చేన్లోనా, అంగట్లోనా? ఆ పేరు పట్టేదానికి ఈ గురిగి ఒకటే ఉండాది."

ఆయన లేచి పోబోయాడు.

"నీ పేరున తీయలేదు నాయనా."

"నాది నేను తీయలేను. నీకు తీయాలని ఉంటే తియ్యి."

నేను తీశాను. ఆయన పేరు పైకే పలికి తీశాను. ఆయన వద్దనలేదు. పలికిన క్షణంలో నాకు తెలిసింది, నేను అబద్ధమాడడం లేదని. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు అప్పుడూ రాలేదు. కానీ ఒక మనిషి తన చేత్తో తీయలేనిదాన్ని ఇంకొకరు తీసి పెట్టగల చోటు ఒకటి ఉందని, ఆ చోట నా చేతికి పని ఉందని తెలిసింది. నా మాట అదే. నాకు దొరికింది అదే.

మరుసటి ఏడాది ఈస్టరు ఆదివారం, సంఘ పెద్ద తోటలోని మెట్ల బావిలో బాప్తిస్మాలు. నీళ్ళలో దిగేముందు ఒక్కొక్కరూ సాక్ష్యం చెప్పాలి. నా వంతు వచ్చింది.

"మా తమ్ముని కోసరం అందరం ప్రార్థన చేసినాం. వాడు బతకలే. ఏంటికో నాకు తెలీదు. మా నాయన ఈడికి రాలేకపోయినాడు. ఆయన పేరున గూడా నేనే వచ్చినా."

అయ్యగారు దానికి ఏ వ్యాఖ్యానమూ చెప్పలేదు. అందుకు ఆయనకు నేటికీ కృతజ్ఞురాలిని. మెట్ల మీద నుంచి అవ్వ గొంతు "ఆమెన్" అంది. మునిగి లేచి కండ్లు తుడుచుకుంటే, బావి గట్టు మీద సైకిలు పట్టుకుని నాయన కనబడ్డాడు. పైకి రాగానే ఎండలో వేడెక్కిన తువ్వాలు నా తల మీద వేసి, "బాగా తుడుచుకో, జలుబు చేస్తాది," అన్నాడు.

నాయన మళ్ళీ చర్చి లోపలికి వచ్చాడని రాయాలని నాకు ఆశ. రాలేదు. ఆదివారాలు గోడ బయట కూర్చుని పాటలు వినేవాడు, ప్రార్థన మొదలుకాగానే లేచి పోయేవాడు. కొన్నేండ్ల కింద కన్నుమూశాడు. అంతవరకు ఆయన పిడికెడు అవ్వ, ముదిగుబ్బ నుంచి తిరిగొచ్చిన అమ్మ, నేను, ఎవరో ఒకరం తీస్తూనే ఉన్నాం. ఇప్పుడు మా ఊళ్ళో చర్చికి టైల్సు వేశారు. కానుకలు ఫోనుతో పంపుతున్నారు. కుక్కర్లో కొలత గ్లాసుతో బియ్యం పోసే ఇండ్లలో పిడికెడు తీసే అలవాటు పోయింది. సాక్ష్యాలు మైకులో గట్టిగానే వినబడతాయి గాని, బాగుకానివాళ్ళ సంగతి చెప్పడానికి ఎవరూ లేవరు. వారపు తరగతిలో కాలేజీ పిల్లలు నన్ను అడుగుతారు, "ఆంటీ, నమ్మితే బతుక్కు అర్థం వస్తుందా?" అని. వస్తుంది బిడ్డా అంటాను. అయితే అది నీ ఒక్కరి కోసం రాదు, ఎవరి పేరున నిలబడాలో ముందు చూసుకో అంటాను.

చదువుతున్న మీ ఇంట్లోనూ ప్రార్థన మానేసిన మనిషి ఒకరు ఉండవచ్చు. ఆ మనిషితో వాదించకండి. ఆ పేరు మనసులో పలుకుతూ, ఈ ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. ప్రభువా, నీ దగ్గరికి రాలేకపోయినవాళ్ళను మా గొంతులో విను. వాళ్ళు గోడ బయట కూర్చుంటే, నీవే వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చో. ఆమెన్.