మామ్మగారికి ఎంట్రన్స్ కోచింగ్

కాస్త చదువుకున్న కుర్రాడికి, తనకు తెలియని విషయం లోకంలో లేదనిపించే రోజులు కొన్ని ఉంటాయి. నాకవి సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో గడిచాయి. మాస్టర్స్ పూర్తిచేసి, కొత్తగా ఉద్యోగంలో చేరి, ఒక తెలుగు అంకుల్ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. (సాక్సులకు కూడా రంగుల వారీగా అరలు కేటాయించుకున్న మనిషిని.) అంకుల్ వాళ్ల అమ్మగారిని మామ్మగారనేవాణ్ణి. ఆవిడ ఒకరోజు స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయారు. గిన్నె మాడింది, పొగకు అలారం మోగింది. డాక్టరు జ్ఞాపకశక్తి పరీక్ష చేసి సరేనంటే తప్ప ఆవిడ ఒంటరిగా స్టవ్ ముట్టుకోకూడదని అంకుల్ తేల్చేశారు. వంట కూడా లేకపోతే ఈ దేశంలో తనకు పనేముందని మామ్మగారు డీలా పడిపోయారు.

పరీక్ష అన్న మాట వినగానే నాలోని ఎంసెట్ విద్యార్థి లేచి కూర్చున్నాడు. అలాంటి పరీక్షల్లో ఐదు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమంటారని ఎక్కడో చదివాను. ఇక రోజూ ఆఫీసు నుంచి రాగానే క్లాసు. గుర్రం, మందారం, కత్తెర, రైలు, గొడుగు. గుర్రం అనగానే ఆవిడకు చిన్నప్పటి జట్కాబండి గుర్తొచ్చేది. "అది సిలబస్‌లో లేదు మామ్మగారూ" అని ఆపేసేవాణ్ణి.

పరీక్ష రోజున అంకుల్‌కు మీటింగ్ ఉండటంతో, తోడుకూ అనువాదానికీ నేనే వెళ్లాను. ఐదు మాటలు చెబుతాను, గుర్తుంచుకోవాలి అన్నాడు డాక్టరు. నేనది తెలుగులో చెప్పీ చెప్పకముందే మామ్మగారు గుర్రం నుంచి గొడుగు దాకా గడగడా అప్పగించి, నావైపు గర్వంగా చూశారు. డాక్టరు అయోమయంగా, తానింకా మాటలేవీ చెప్పలేదన్నాడు. ఇదేమిటని అడిగితే ఆవిడ ఇచ్చిన వివరణంతా నేనే ఇంగ్లీషులోకి మార్చాల్సి వచ్చింది. ఈ అబ్బాయి రోజూ బట్టీ పట్టిస్తున్నాడనీ, మొన్న కత్తెర మరిచిపోతే మళ్లీ మొదటినుంచి చెప్పించాడనీ, నిన్న తలనొప్పన్నా వదల్లేదనీ. (అనువాదకుడన్నాక నిజాయితీ ఉండాలి కదా.) డాక్టరు పడీపడీ నవ్వి, వేరే మాటలతో మొదలుపెట్టాడు. ఆవిడ ఒకటి తప్ప అన్నీ చెప్పారు. మిగతా పరీక్షా బాగానే సాగింది. టైమర్ ఒకటి పక్కన పెట్టి వంట చేసుకోనివ్వండి, మనుషులతో మాట్లాడనివ్వండి, మెదడుకు రెండూ మంచివే అన్నాడు.

ఆ సాయంత్రం మామ్మగారు స్టవ్ దగ్గర వంకాయలు వేయిస్తుంటే, నేను విజయగర్వంతో నా గదికి బయలుదేరాను.

"ఇవాళ క్లాసు లేదా అబ్బాయ్?"

"పరీక్ష అయిపోయిందిగా మామ్మగారూ. పాసయ్యారు."

"అయితే అయింది. రోజూలాగే వచ్చి కూర్చో. ఈ ఇంట్లో నా దగ్గర అంతసేపు కూర్చునేది నువ్వొక్కడివే."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, వంకాయలకు ఉప్పెప్పుడు వెయ్యాలని అడిగాను. ఆవిడ జవాబు తన పెళ్లినాటి వంటల దగ్గర మొదలై, రోజుకు కొంచెం చొప్పున సాగింది. అది పూర్తికాకుండానే నేను ఇల్లు మారాల్సి వచ్చింది. రోజూ ఆవిడ పక్కన కూర్చున్న ఆ గంటకు 'మెమరీ ప్రాక్టీస్' అని పేరు పెట్టుకున్న కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.