మారియో పేరున్న తాళంచెవి: లా పాజ్‌లో నాలుగు రోజులు

చివరి రోజు ఉదయం తొమ్మిదిన్నరకు లా పాజ్‌లో ఎర్ర లైను కేబుల్ కారు ఎక్కాం. నేను, మా అమ్మాయి షారోన్, అల్లుడు కిరణ్, మేము దిగిన ఇంటావిడ ఎలెనా. తర్వాతి స్టేషన్లో దిగి శ్మశానంలోకి వెళ్ళాం. ఒక నిచ్చెన తీసుకున్నాం. గంటన్నర ఉన్నాం. తిరిగి వచ్చి ఎలెనా వండిన పల్లీల సూప్ తిని, నాలుగింటికి విమానాశ్రయానికి బయలుదేరాం. ఆ రోజు జరిగింది ఇంతే. బొలీవియాకు వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం మిగతాది మొదటి నుంచి రాస్తున్నాను.

నా భార్య సుగుణ భూకంపాలను నమోదు చేసే యంత్రాల మీద పనిచేసేది. తొమ్మిదేళ్ళ క్రితం ఆఫీసు వాళ్ళు శిక్షణ కోసం ఆమెను ఆరు వారాలు లా పాజ్‌కు పంపారు. అక్కడ ఎలెనా ఇంట్లో అద్దెకుంది. వచ్చాక కొండల ఫోటోలు చూపించింది. అప్పటి నుంచి ఏటా నవంబరు రెండున, మేము మా చర్చి వాళ్ళ సమాధుల పండుగకు వెళ్ళి వచ్చిన సాయంత్రం, ఆమెకు విదేశం నుంచి ఒక ఫోను వచ్చేది. బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకుని వచ్చీరాని స్పానిష్‌లో మాట్లాడేది. ఎవరని అడిగితే పాత ఇంటావిడ అనేది.

పదకొండు నెలల క్రితం సుగుణ చనిపోయింది. ఆమె బీరువా సర్దుతుంటే చీరల కింద చిన్న తాళంచెవి దొరికింది. దానికి కట్టిన అట్టముక్క మీద ఆమె చేతిరాతలో ‘మారియో, 214’ అని ఉంది. నేను రైల్వేలో ఇంజనీరుగా రిటైరయ్యాను. నంబరు ఉంటే దానికో తలుపు ఉంటుందని తెలుసు. మారియో ఎవరో తెలియదు. ఉప్పల్‌లో రాళ్ళు చెక్కే యాదగిరి సమాధి మీద ఏం రాయాలని మూడుసార్లు ఫోను చేశాడు. ‘ప్రియమైన భార్య’ అనే రెండు మాటలు చెప్పలేకపోయాను. తర్వాత చెప్తానన్నాను. షారోన్‌తో మాత్రం, అమ్మ చూసిన కొండలు చూడాలని ఉందన్నాను. తాళంచెవి సంగతి చెప్పలేదు.

బొలీవియాకు ముందే వీసా తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని, ఆ పసుపు కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచుకోవాలి. మేము హైదరాబాద్ నుంచి దోహా, సావో పాలో, శాంతా క్రూజ్ మీదుగా వెళ్ళాం. నాచారంలో తలుపుకు తాళం వేసిన రెండో రోజు సాయంత్రానికి చేరాం. విమానాశ్రయం నాలుగు వేల మీటర్ల ఎత్తులో ఉంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. టాక్సీలకు మీటర్లు లేవు, ఎక్కకముందే మాట్లాడుకోవాలి. ఒక డ్రైవరు అక్కడి డబ్బు ఎనభై బొలీవియానోలకు ఒప్పుకున్నాడు. దారి పొడవునా నేను ఫోన్లో మ్యాపు పట్టుకుని ప్రతి మలుపూ సరిచూశాను. డ్రైవరు కాసేపు చూసి, తన మాటను ఫోనులో తెలుగులోకి మార్చి నా ముందు పెట్టాడు. మీరు పోలీసు శాఖలో ఉద్యోగం చేసేవారా అని అడుగుతోంది ఆ ఫోను. కిరణ్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

ఎలెనాకు డెబ్బై దాటి ఉంటాయి. మమ్మల్ని చూడగానే షారోన్ ముఖం రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసింది. నాకు మాత్రం దూరం నుంచే తల ఊపింది. అదీ నా అనుమానాల లెక్కలో పడింది. తలనొప్పి తగ్గడానికి కోకా ఆకుల టీ ఇచ్చింది. మత్తు పదార్థమేమోనని పక్కన పెట్టాను.

“మామా, ఊరంత తాగుతున్నరు, జర తాగుండ్రి,” అన్నాడు కిరణ్. “మీకు నమ్మకమున్నోళ్ళు ఎవలో చెప్పుండ్రి, వాళ్ళతోనే పెట్టిపిస్త.”

తాగలేదు. రాత్రంతా నిద్ర లేదు. రెండో రోజు తాగాను, తగ్గింది. మీరు మొదటి రోజే తాగండి.

రెండో రోజు, మూడో రోజు అందరిలాగే తిరిగాం. ఇక్కడ కేబుల్ కార్లంటే వినోదం కాదు. మనం ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కినట్టు జనం వాటిలో ఆఫీసులకు పోతారు. ఒక లైనుకు మూడు బొలీవియానోలు. కొండల మీద ఎర్ర ఇటుకల ఇళ్ళు, వాటి వెనక మంచు కప్పుకున్న ఇల్లిమాని శిఖరం. షారోన్ ఫోటోలు తీస్తుంటే నేను సుగుణ ఇక్కడ ఎవరితో నడిచి ఉంటుందా అని చూశాను. దారిలో కనపడ్డ ప్రతి ముసలివాడినీ మారియో అనుకుని చూశాను. మూడో రోజు ఉదయం ఎలెనా బజారుకు వెళ్ళింది. పిల్లలు స్నానాల్లో ఉన్నారు. నేను జేబులోంచి తాళంచెవి తీసి ఆ ఇంట్లోని బీరువాలకు, మేడ గదికి, వంటింటి వెనక తలుపుకు పెట్టి చూశాను. దేనికీ పట్టలేదు. వెనక్కి తిరిగితే సంచితో ఎలెనా గుమ్మంలో నిలబడి ఉంది. సంచిలోంచి ఉల్లిపాయలు తీసి బల్ల మీద పెట్టుకుంది.

నాలుగో రోజు పొద్దున ఆమె పూలు కొనుక్కొచ్చి, బూట్లు వేసుకోమని సైగ చేసింది. తన ఫోను నా ముందు పెట్టింది. ఆ తాళంచెవిని వెంట తీసుకురండి అని ఉంది అందులో. ఏం తాళంచెవి అని షారోన్ అడిగింది. నేను వంగి బూట్ల లేసులు కట్టుకున్నాను.

ఆ ఊళ్ళో సమాధులు మన దగ్గరలా నేల మీద ఉండవు. గోడల్లో వరుస మీద వరుస అరలు ఉంటాయి. ఒక్కో అరకు అద్దం తలుపు, చిన్న తాళం. లోపల పోయినవాళ్ళ ఫోటో, వాళ్ళకు ఇష్టమైనవన్నీ బొమ్మలంత సైజులో: బొటనవేలంత రొట్టె, సీసా, పేకముక్కలు. పై వరుసలకు నిచ్చెనలు ఇస్తారు, ఎంతో కొంత ఇస్తే చాలు. ఎలెనా ఒక గోడ ముందు ఆగి నాలుగో వరుస చూపించింది. 214. అద్దం వెనక టోపీ పెట్టుకున్న పెద్దాయన ఫోటో. మారియో ఆమె భర్త. సుగుణ అక్కడికి రాకముందే పోయాడు.

నిచ్చెన నేనే ఎక్కాను. మెట్టు మెట్టుకూ ఆగాల్సి వచ్చింది. తాళం ఒక్క తిప్పుకు తెరుచుకుంది. మారియో ఫోటో పక్కన ఓ మూలకు తెల్ల ఊలుతో అల్లిన మేజోళ్ళ జత ఉంది. నా వేలి చివరకు సరిపోయేంత. దాని కింద మడిచిన కాగితం మీద తెలుగులో సుగుణ రాత: ‘మా బాబు. రెండు రోజులు ఉన్నాడు.’

ఎలెనా కింద నుంచి మాట్లాడుతోంది. షారోన్ ఫోనులో వచ్చింది చదివింది. “నీ కొడుకు సమాధి ఎక్కడ అని సుగుణను అడిగాను. నాకు ఎవరూ చెప్పలేదు అంది. అయితే మారియో దగ్గర పెట్టు, ఆయనకు పిల్లలంటే ఇష్టం అన్నాను. రెండో తాళంచెవి ఇచ్చాను. ఏటా పండుగ రోజు పూలు పెట్టి ఫోను చేస్తాను.”

షారోన్ తల ఎత్తి నా వైపు చూసింది.

“నాకొక అన్న ఉండెనా, డాడీ?”

నిచ్చెన మీది నుంచే చెప్పాను. షారోన్ కంటే నాలుగేళ్ళ ముందు పుట్టి పోయాడు. సుగుణ ఇంకా దవాఖానాలోనే ఉంది. మా అన్నా నేనూ మా సమాధుల తోటకు తీసుకెళ్ళి పూడ్చాం. తల్లికి చోటు చూపిస్తే రోజూ పోయి కూర్చుంటుంది, మళ్ళీ కడుపు పండదు, చెప్పొద్దు అన్నారు పెద్దవాళ్ళు. మా వైపు అంతే చేసేవాళ్ళు. రాయి పెట్టలేదు. పేరు పెట్టలేదు. సుగుణ నన్ను రెండుసార్లు అడిగింది. గుర్తు లేదన్నాను. మూడోసారి అడగలేదు. ఏటా సమాధుల పండుగకు ఆ తోటలోకే నా పక్కన నడిచి వచ్చి, మా అమ్మానాన్నల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించేది.

ఎలెనా పూలు అందించింది. మారియోకు సగం, మేజోళ్ళ దగ్గర సగం పెట్టి తాళం వేశాను. దిగాక తాళంచెవి ఆమెకు ఇవ్వబోయాను. నా వేళ్ళు మూసి, షారోన్ వైపు చూపించింది. ఇప్పుడది షారోన్ దగ్గర ఉంది.

పదకొండు నెలలు నేను ఒక మనిషిని అనుమానించాను. మా ఇంట్లో ముందు మాట దాచింది నేను. ఆమె దాచుకున్నది ఆ తర్వాత. దానికీ ఆమె భూమికి అటు వైపు దాకా పోవాల్సి వచ్చింది. తిరుగు ప్రయాణంలో షారోన్ కిరణ్ పక్కనే కూర్చుంది. శాంతా క్రూజ్‌లో నన్ను ఒక్కటే అడిగింది, నిజంగానే గుర్తు లేదా అని.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. శ్మశానానికి చివరి రోజు వెళ్ళండి, మొదటి రోజు వద్దు. ఆ ఎత్తుకు ఊపిరి అలవాటు పడకుండా నిచ్చెన ఎక్కలేరు.

నిన్న నాచారం చేరాం. రేపు పొద్దున ఆరున్నరకు షారోన్‌ను తీసుకుని సమాధుల తోటకు వెళ్తాను. బాబు ఉన్నది వెనక గోడకు ఆనుకుని, చేతిపంపు నుంచి పద్నాలుగు అడుగులు. టేపు తీసి పెట్టుకున్నాను. అక్కడి నుంచి యాదగిరి దగ్గరకు పోయి రెండు రాళ్ళు చెక్కమని చెప్తాను.