తుఫాను డ్యూటీలో మావ వ్యాను

ఆ రోజుల్లో తుఫాను వస్తోందంటే ఉద్దానంలో అందరూ ఆకాశం వైపు చూసేవారు, బళ్ల యజమానులు మాత్రం మా రెవెన్యూ ఆఫీసు వైపు చూసేవారు. ఒడ్డున ఉన్న జనాన్ని షెల్టర్లకు, డయాలసిస్ రోగులను ఆసుపత్రికి దారులు మూసుకుపోకముందే చేర్చాలంటే ప్రైవేటు బళ్లు తీసుకోక తప్పదు. తీసుకున్న బండి ఎప్పుడు తిరిగొస్తుందో, ఏ రూపంలో వస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని టీవీలో వాయుగుండం అన్న మాట వినపడగానే వ్యాన్లూ ఆటోలూ కొబ్బరితోటల్లోకి మాయమైపోయేవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాటిని వెతికి పట్టుకునే పని నా నెత్తిన పడింది. పొద్దుటి నుంచి తిరిగితే దొరికింది ఒక ఐస్‌క్రీం బండి. (దాన్నీ రాసుకున్నాను. భయం అలాంటిది.) మా పైఅధికారిని చాటుగా గంటసారు అనేవాళ్లం, ఆయన ఫోను అంత తరచుగా మోగేది. "సాయంత్రంలోగా ఒక్క వ్యానైనా చూపించకపోతే జనాన్ని నువ్వే మోసుకెళ్లాలి" అన్నాడాయన. నేను నిజంగానే నా భుజాలు చూసుకున్నాను.

ఇక దిక్కులేక కవిటి పక్కనున్న మా మేనమామ ఇంటికి వెళ్లాను. ఆయనకు కొబ్బరికాయలు తోలే వ్యాను ఉంది. పెరట్లో దాన్ని ఇటుకల మీద నిలబెట్టి, వెనక చక్రం ఒకటి విప్పేసి, పైన కొబ్బరి మట్టలు కప్పి, ఏమీ ఎరగనట్టు మావ పక్కనే పళ్లు తోముకుంటున్నాడు (మిట్టమధ్యాహ్నం!).

"వ్యాను ఏదీ మావా?"

"బరంపురం ఎల్లింది గదేటి."

"మరి ఈ మట్టల కిందున్నది?"

"అదా... పాడైపోనాది. సక్రం నేదు, సూడు. సక్రం నేని బండిని గవర్మెంటు ఏటి సేసుకుంటాది అల్లుడా?"

అంతలో గంటసారు ఫోను. తుఫాను అనుకున్న దానికన్నా ముందే వస్తోందట, రేపు డయాలసిస్ ఉన్నవాళ్లను ఈ రోజే పలాస ఆసుపత్రికి చేర్చాలట. ఆ మాట మావ చెవిన కూడా పడింది. ఆయన చేతిలోని పుల్ల జారిపోయింది. రేపు డయాలసిస్ వంతు మా అత్తదే.

గడ్డివాము వెనక నుంచి చక్రం పరిగెత్తుకుంటూ వచ్చింది, దాని వెనకే మావ. చక్రం ఉంది కానీ నట్లు లేవు. కిటికీలో పెట్టానంటాడు, కిటికీలో లేవు. బియ్యం డ్రమ్ము బోర్లించాం, జీడిపిక్కల బస్తాలు కుమ్మరించాం. బయట గాలి పెరుగుతోంది, తోటంతా ఊగిపోతోంది. దారికి అడ్డంగా ఒక్క చెట్టు పడితే చాలు, అత్త పని అయిపోయినట్టే. అత్త మాత్రం మంచం మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది.

"ఎతకడం అయ్యిందా? నట్లు నా దగ్గిరున్నాయి" అంది చివరికి. నిజమే, కొంగున ముడి వేసి ఉన్నాయి.

మావ కూలబడ్డాడు. "ఓలమ్మా! మరి సెప్పవేటే?"

"సెప్తే నన్నొక్కదాన్నే ఎక్కించుకుని ఎల్లిపోతావు. ఎదురింటి ముసలాయనకీ, ఆ కొత్త పెల్లికూతురికీ కూడా రేపే. నువ్వు సక్రం ఇప్పినప్పుడే తీసి దాసీసినాను. ఆల్లొచ్చి బండి దగ్గిర నిలబడితే అప్పుడిత్తాను."

నేను పొద్దుటి నుంచి ప్రభుత్వం పేరు చెప్పి సాధించలేనిది అత్త మంచం దిగకుండా సాధించింది. గవర్నమెంటును తిట్టుకుంటూ మట్టలు కప్పిన మనిషి, వీధంతా పరిగెత్తి "రండర్రా, ఎక్కండ్రా" అని కేకలేశాడు. వాళ్లొచ్చాక అత్త నట్లిచ్చింది, చక్రం బిగించి బయల్దేరాం. నేను వెనక కూర్చుని, చెట్టు వంగినప్పుడల్లా కళ్లు మూసుకున్నాను. "నువ్వు కల్లు మూసుకుంటే సెట్టు పడడం మానేత్తాదేటి?" అంది అత్త. ఆ భయంలోనూ పెళ్లికూతురు పకపకా నవ్వింది. పలాస చేరాక గంటసారు "భలే పట్టావయ్యా బండిని" అని మెచ్చుకుంటే, నేను సిగ్గులేకుండా "థాంక్యూ సార్" అన్నాను.

ఇప్పుడు టెక్కలి కంట్రోల్ రూములో కూర్చుని ఫోన్లు చేసేది నేను. (కుర్రాళ్లు నాకూ ఏదో పేరు పెట్టే ఉంటారు.) అత్త పోయి కొన్నేళ్లయింది. అయినా తుఫాను కబురు రాగానే, మేం అడక్కముందే మావ ఫోను చేస్తాడు. "బండి వీధిలోనే ఎట్టినాను. ఎవుల్నెక్కించాలో సెప్పు" అంటాడు. నేను పేర్లు చెబుతాను. చెప్పడం అయిపోయినా ఆయన ఫోను పెట్టేయడు, ఇంకో పేరు మిగిలిపోయినట్టు కాసేపు అలాగే ఉంటాడు. పక్కన మిగతా ఫోన్లు మోగుతూనే ఉంటాయి, కానీ నేనూ పెట్టేయను.