కోడిపిల్లల బండీ, తాగని కాఫీ

మా ఆయన ఔదల్లాకి సిరియా సరిహద్దు గేటంటే అత్తవారిల్లు. తెరిచారంటే చాలు, గడ్డం గీసుకుని తయారు. మూశారంటే మా ఊరు రంథా బజారులో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, మళ్లీ తెరిచేదాకా ఎవరికీ పనికిరాడు. పెళ్లయిన నాటి నుంచీ ఇదే వరస. యుద్ధం వచ్చిందని మూశారు, ప్రభుత్వం మారిందని తెరిచారు. మన బండ్లు అవతలికి పోకూడదన్నారు, సరుకు యార్డులో దించి వాళ్ల బండ్లకి ఎక్కించమన్నారు, మళ్లీ అదీ మార్చారు. పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట. మధ్యలో మా బతుకు అడకత్తెరలో పోకచెక్క.

ఈసారి మా లారీకెక్కినవి అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన కోడిపిల్లలు. అబూ జౌహర్ కోసం. యుద్ధకాలమంతా మా వీధిలో తలదాచుకున్న సిరియావాడు. ఇప్పుడు సొంతూరు వెళ్లి, దరా పక్కన కూలిన కోళ్ల షెడ్డు మళ్లీ లేపుకున్నాడు. చేతిలో ఉన్నదంతా ఆ పిల్లల మీదే పెట్టాడు. అవి బతికి చేరితే ఆ సంసారం నిలబడుతుంది, లేకపోతే షెడ్డుతో పాటు ఊరూ వదులుకోవాలి. దరాలో మా చెల్లెలుంది కదా అని నేనూ బండెక్కాను, బుద్ధి తక్కువై.

యార్డులోకి వెళ్లగానే పశువైద్యుడి కాగితం పాత పద్ధతిదన్నారు. కొత్తది తెప్పించాం. అది చేతికొచ్చేసరికి నెత్తి మీదుగా క్షిపణులు పోతున్నాయని గేటు మూశారు. పోయేవి ఎవరివో, పడేది ఎవరి మీదో, ఎండలో మాడేవి మాత్రం మా కోడిపిల్లలు. అట్టపెట్టెల మీద తడిగుడ్డలు కప్పుతూ గేటునీ, గేటు పెట్టినవాళ్లనీ కలిపి తిట్టాను.

"తిడితే తెరుచుకుంటుందా? ఆఫీసరుని అడుగుదాం పద," అన్నాడు ఔదల్లా.

"అడుగు. కాళ్లు కూడా పట్టుకో," అని వెనకాలే వెళ్లాను.

ఆఫీసరు ముత్‌లక్ కుర్రవాడు. మర్యాదగా కూర్చోబెట్టి, చేదు కాఫీ పోసి ఇచ్చాడు. మా ఆయన కప్పు అందుకుని, పెదవికి తాకించకుండా బల్ల మీద పెట్టాడు. మా వైపు అలా పెట్టారంటే వచ్చినవాడికి పని ఉందని అర్థం. పోసినవాడు 'నీ పనేమిటి' అని అడగాలి. అడిగాడంటే ఇక కాదనడానికి లేదు, 'తాగు, నీ పని అయింది' అనాల్సిందే. గుమ్మంలో నిలబడ్డ నాకు ప్రాణం లేచివచ్చింది.

ముత్‌లక్ అడగలేదు.

"ఎండలు ముదిరాయి, బాబాయ్."

"ముదిరాయి, నాయనా."

"ఈ ఏడు మీ వైపు వానలు పడ్డాయా?"

"ఏదో, పడ్డాయి."

కప్పు అలాగే ఉంది. కుర్రవాడు దాన్ని తప్ప గదిలో అన్నిటినీ చూస్తున్నాడు. బయట పిల్లల కిచకిచ సన్నబడుతోంది. ఇక నా వల్ల కాలేదు.

"ఏం నాయనా, ఎదుటివాడు కాఫీ ముట్టకపోతే అడగాలని మీ అమ్మ నేర్పలేదా?"

"నేర్పింది, పిన్నీ," అన్నాడు తల దించుకుని. "అందుకే అడగడం లేదు. మీ బండి గేటు మూయకముందే వచ్చింది, వదలడానికి నా సంతకం చాలు. నాకు ముందు ఈ కుర్చీలో ఉన్నాయన ఇలాగే ఒక బండి వదిలి, ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాడు. అడిగానంటే కాదనలేను. నా చేత అడిగించకండి."

ఔదల్లా ఆ కుర్రవాడి మొహంలోకి చూశాడు. తర్వాత కప్పు తీసుకుని, చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. తాగాడంటే ఇక అడిగేదేమీ లేదని.

"బాగుంది నాయనా," అని లేచాడు.

నా ఒళ్లు మండిపోయింది. బండి వెనక్కి తిప్పుతున్నంతసేపూ నోటికొచ్చినట్లు అన్నాను.

"ఊరందరికీ మంచివాడివి. గేటు వాళ్లది, క్షిపణులు ఇంకెవరివో. ఆ అబూ జౌహర్ కొంప మాత్రం నీ చేత్తో ముంచావు కదయ్యా."

ఆయన బండి పక్కకి ఆపి, అబూ జౌహర్‌కి తనే ఫోన్ చేశాడు. స్పీకరులో నాకూ వినబడుతోంది. జరిగింది చెప్పాడు, పిల్లలు సగానికి సగం తలలు వాల్చేశాయనీ చెప్పాడు.

"కాఫీ తాగావా?" అడిగాడు అబూ జౌహర్.

"తాగాను."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"తాగకపోతే ఆ కుర్రాడేమైపోయేవాడు," అన్నాడు. "అన్నా, మీ వీధిలో మేముండిన గది ఇంకా ఖాళీగానే ఉందా?"