చచ్చిన మోకాళ్ల మేస్త్రి

మెడికల్ కాలేజీలో ఆయన ఉద్యోగం అటెండరుది, జీతం అటెండరుది, అహంకారం మాత్రం ప్రిన్సిపాలుకు కూడా లేనంత. శవాల మీద పాఠం చెప్పే హాల్లో ఇరవై తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. శవాన్ని బల్ల మీదకు చేర్చడం, మందునీళ్లలో తడిపిన గుడ్డ కప్పడం, సాయంత్రం బల్లలు కడగడం, కాగితం మీద ఆయన పని ఇంతే. కానీ చేరిన కొత్తలో ఒక ముసలి ప్రొఫెసరు చేతికి చిన్న కత్తి ఇచ్చి, కీలు మీద చర్మమూ కొవ్వూ కండా తీసేసి, లిగమెంట్లను మాత్రం తెగకుండా శుభ్రం చేయడం నేర్పాడు. ఎముకను ఎముకకు కట్టి ఉంచే ఆ తెల్లటి పట్టీల్లో ఒక్కటి కూడా ఈయన చేతిలో తెగేది కాదు. మోకాళ్లయితే మరీను. మూడొందల పైచిలుకు ఒలిచాడు. అందుకే అందరూ మోకాలు మేస్త్రి అన్నారు. వాళ్లు ఎగతాళికి పెట్టిన పేరును ఈయన బిరుదనుకున్నాడు.

పని వచ్చినవాడే, కాదనను. కానీ పనితోపాటు నోరు కూడా వస్తే పక్కనున్నవాళ్లకు నరకమే. ప్రొఫెసర్లంటే ఆయనకు పూచికపుల్లతో సమానం. "పుస్తకం చూసి మోకాలు నేర్చుకోవడం, ఫొటో చూసి కాపురం చేయడం రెండూ ఒకటే" అనేవాడు. ఎముకల డాక్టర్లంటే ఇంకా అలుసు. "వాళ్లేం చూశారు నా మొహం! చర్మం పైనుంచి తడుముకునే బాపతు. నేను లోపల చూసినవాణ్ణి."

పాఠం అయిపోయి ప్రొఫెసరు అలా వెళ్లగానే విద్యార్థుల్ని చుట్టూ నిలబెట్టి తన పాఠం మొదలుపెట్టేవాడు. "తొడ ఎముక చివర రెండు గుండ్లు. కింది ఎముక పైభాగం చదును. బల్ల మీద గుండ్లు నిలబెడితే నిలుస్తాయా? నిలవవు. మరి మీరెలా నిలబడి ఉన్నారు? లోపలి పక్క వెడల్పాటి పట్టీ, బయటి పక్క సన్నటి తాడు. నడుమ రెండు, కత్తెర వేసినట్టు అడ్డంగా. ముందుది కింది ఎముక ముందుభాగాన పుట్టి, వెనక్కి వాలుతూ పైకెక్కి, బయటి గుండుకు అతుక్కుంటుంది. కింది ఎముక ముందుకు జారకుండా ఆపేది అదే." అని చెప్పి దాన్ని కత్తెరతో కసుక్కున కోసి, పిక్కను రెండు చేతులా పట్టుకుని లాగేవాడు. సొరుగు తెరుచుకున్నట్టు ఎముక వేలెడు ముందుకు వచ్చేది. విద్యార్థులు నోళ్లు తెరిచేవారు. ఆ తెరిచిన నోళ్లు చూసుకునే ఆయన మరో ఏడాది బతికేవాడు.

ఒకసారి ఒక అమ్మాయి, పాపం, అది లోపలి గుండుకు అతుక్కుంటుందని చెప్పింది. "అమ్మా, అందరూ బుర్ర మోకాల్లో ఉందని తిడతారే, నీకు నిజంగా అక్కడున్నా బాగుండేది. కనీసం మోకాలైనా తెలిసేది" అన్నాడు. అరవైమంది ఘొల్లుమన్నారు. ఆ అమ్మాయి తల దించుకుని రాసుకుంది. ఇలా ఎంతమందిని అన్నాడో లెక్కలేదు, ఆయనకు గుర్తూ లేదు.

ఈయన భార్య సిటీబస్సు కండక్టరు. పందొమ్మిదేళ్ల సర్వీసు. కదిలే బస్సులో చెయ్యి వదిలేసి నిలబడి టికెట్లు కొట్టేది. ఆ నిలబడటమే ఆమె గొప్ప. "నేను కూర్చుని తినే రకం కాదు, నిలబడి సంపాదించే రకం" అని ఇరుగుపొరుగుతో అంటుండేది. ఒక మధ్యాహ్నం డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. ఆమె పాదం ఎక్కడిదక్కడే ఉండిపోయి ఒళ్లు మాత్రం గిర్రున తిరిగింది. మోకాల్లో టప్పుమంది. ఇల్లు చేరేసరికి కాలు వాచి చీర కుచ్చిళ్లు పైకెత్తి నడవాల్సి వచ్చింది.

మేస్త్రికి ఇంతకన్నా ఏం కావాలి? మంచం మీద పడుకోబెట్టాడు, మోకాలు మడిచాడు, కదలకుండా ఆమె పాదం మీద ఎక్కి కూర్చున్నాడు. పిక్క పట్టుకుని, హాల్లో లాగినట్టే లాగాడు. ఆమె మంచం కోడు పట్టుకుని కెవ్వుమంది. ఎముక కదల్లేదు.

"నిక్షేపంలా ఉంది. లోపల పగ్గంలా బిగువుగా ఉంది" అన్నాడు చేతులు దులుపుకుంటూ.

"మెట్టు దిగుతుంటే జారిపోతోందండీ."

"జారిపోవడానికి అదేమన్నా సబ్బుబిళ్లా? కాపడం పెట్టుకో."

వాపు తగ్గింది. జారడం తగ్గలేదు. బస్సు దిగుతుంటే, వంటింట్లో వెనక్కి తిరుగుతుంటే, మోకాలు ఉన్నపళంగా మనిషిని వదిలేసేది. ఆమె అలా తూలడం డిపో మేనేజరు రెండుసార్లు చూశాడు. "కాలు బాగుందని డాక్టరు కాగితం తీసుకురా అమ్మా, లేకపోతే బస్సెక్కనివ్వను" అన్నాడు. ఆమె ఆ మాట ఇంట్లో చెప్పి ఆస్పత్రికి వెళ్దామంటే ఈయన ఇంతెత్తున ఎగిరాడు.

"మూడొందల మోకాళ్లు చూసిన మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని, మోకాలు పట్టుకుని ఆస్పత్రికి పోతావా? అక్కడున్నవాళ్లంతా నా ముందు అఆలు దిద్దినవాళ్లే. నా పరువేం కాను?"

పరువట, పరువు! పెళ్లాం కాలు పోయినా ఫరవాలేదు, పెద్దమనిషి పరువు నిలబడాలి. ఐదు నెలల్లో ఇంకో మూడుసార్లు లాగి చూశాడు. ప్రతిసారీ మునుపటికన్నా గట్టిగా లాగాడు. ఆయన మంచం దగ్గరికి వస్తుంటేనే ఆమె పళ్లు బిగించేది. ప్రతిసారీ మోకాలు మునుపటికన్నా బిగువుగా తగిలేది. "చూశావా, రోజురోజుకీ బలపడుతోంది. నీ భయమే నీ జబ్బు" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాక ఇక ఎవరేం చెప్తారు?

కాగితం రేపు తెస్తా, ఎల్లుండి తెస్తానని మేనేజరును బతిమాలుకుంటూ డ్యూటీ చేస్తున్న ఆమె ఒక పొద్దున బస్సు మెట్టు మీదనుంచి రోడ్డు మీద పడింది. డ్రైవరు మంచివాడు. నిండా జనంతో ఉన్న బస్సును రూటు తప్పించి, తిన్నగా ఆస్పత్రి గుమ్మం ముందు ఆపాడు. ఒక్క ప్రయాణికుడూ నోరెత్తలేదు. కాలేజీ పక్కనే కాబట్టి కబురందిన మేస్త్రి వేసుకున్న ఆప్రానుతోనే వచ్చాడు.

లోపల ఆమె మోకాలి దగ్గర కూర్చున్న డాక్టరు ఆ అమ్మాయే, బుర్ర మోకాల్లో ఉన్నా బాగుండేదనిపించుకున్న అమ్మాయి. మేస్త్రి గుర్తుపట్టలేదు. ఆమె మాత్రం గుర్తుపట్టి, "రండి మేస్త్రిగారూ" అంది.

"లిగమెంట్లన్నీ బాగున్నాయి డాక్టరమ్మా. నేనే నాలుగుసార్లు లాగి చూశా. పైదెబ్బ ఏమన్నా ఉంటే అది చూడండి చాలు."

డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. దుప్పటి చుట్టి మోకాలి కింద పెట్టింది. కాలు కొంచెమే వంగింది. ఒక చెయ్యి తొడ మీద, ఒక చెయ్యి పిక్క మీద ఊరికే ఆనించి, "మీది ఏ రూటమ్మా?" అని అడిగింది.

రూటు మాటెత్తితే కండక్టరు ఆగుతుందా? గడ్డం మొలిచిన కొడుక్కి అర టికెట్టడిగిన తల్లి కథ ఎత్తుకుంది. "ఎన్నేళ్లమ్మా బాబుకి అంటే పదకొండంది తల్లీ! ఆ బాబేమో జేబులోంచి సిగరెట్..." అని తనే నవ్వేసింది. ఆ నవ్వు మధ్యలో డాక్టరు పిక్కను మెల్లగా, కుర్చీ జరిపినంత తేలిగ్గా, ముందుకు లాగింది.

ఎముక వచ్చేసింది. వేలెడు. సొరుగులా. కత్తెరతో కోసిన మోకాలు ఎలా వస్తుందో అచ్చం అలాగే. ఇరవై తొమ్మిదేళ్లు అదే చూసిన కళ్లు గనుక ఎవరూ చెప్పనక్కర్లేకుండానే మేస్త్రికి అర్థమైంది.

"ఇంకోసారి..." అన్నాడు పొడారిన నోటితో.

"వద్దండీ, ఆమెకు నొప్పి" అంది డాక్టరు. "నొప్పి ఉన్న మనిషికి తొడ వెనక కండలు బిగుసుకుంటాయి. ఎముకను అవే వెనక్కి పట్టుకుంటాయి. మీరు లాగేకొద్దీ ఇంకా బిగుస్తాయి. మీ చేతికి తగిలిన పగ్గం లిగమెంటు కాదు, అది భయం. మీ బల్ల మీద ఉన్నవాళ్లకు భయం ఉండదు కదా మేస్త్రిగారూ."

ఆమె ఎగతాళిగా అని ఉంటే ఆయన ఎదురు తిరిగేవాడే. మర్యాదగా అంది. తల తీసేసినట్టయింది.

స్కాన్ తీశారు. కత్తెర పట్టీల్లో ముందుది పూర్తిగా తెగింది. ఐదు నెలలు తెగిన కాలితో తిరిగినందుకు ఎముకల మధ్య ఉండే నెలవంకలాంటి మెత్త కూడా చిరిగింది. మొదట్లోనే వచ్చి ఉంటే మెత్త మిగిలేదని డాక్టరు చెప్పింది. ఆపరేషను చేసినా ఇక కదిలే బస్సులో నిలబడి చేసే డ్యూటీ వద్దంది. డిపోలో కిటికీ వెనక కుర్చీ ఉంటే అడగమంది. ఆమె ఏడవలేదు. టికెట్ల సంచి భుజం మీదనుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

బస్సు డిపోలో వదిలి తిరిగొచ్చిన డ్రైవరు చక్రాల కుర్చీ తోసుకుంటూ వరండాలోకి తెచ్చాక, ఆమె మొగుడి వైపు చూడకుండానే అంది. "నేను చచ్చి మీ బల్ల మీద పడుకుని ఉంటే ఒక్క నిమిషంలో కనిపెట్టేవారు. బతికుండటమే నా పొరపాటు."

మేస్త్రి చక్రాల కుర్చీ ముందు వంగి, ఆమె కాలు ఎత్తి కుర్చీ మెట్టు మీద పెడదామని మోకాలి కింద చెయ్యి వేశాడు. ఆయన చెయ్యి తగలగానే తొడ వెనక కండ రాయిలా బిగుసుకుంది.

ఈసారి అదేమిటో ఆయనకు తెలిసింది. చెయ్యి తీసేసి, ఆమె కాలు పట్టుకోమని డ్రైవరును పిలిచాడు.