పిండి గిర్ని పక్కన కంప్యూటర్

2006 ఎండాకాలం. బీదర్‌లో చౌబారా బురుజు దగ్గరి ఒక సందులో నాకు కంప్యూటర్ రిపేరు దుకాణం ఉండేది. హైదరాబాద్‌లో కొత్త కొత్త ఆఫీసులు తెరుచుకుంటున్న కాలం అది. అక్కడ కొత్త మిషన్లు దిగినప్పుడల్లా పాతవి లారీల్లో మా వైపు వచ్చేవి. ఏళ్ళ తరబడి ఏసీ గదుల్లో పనిచేసి అలసిపోయిన పెంటియం ఫోర్ కంప్యూటర్లు. జనం వాటిని కొనుక్కుని రేకుల ఇళ్ళలో, కిటికీ లేని గదుల్లో పెట్టుకునేవారు. ఎండ ముదరగానే ఆగిపోతున్నాయని నా దగ్గరికి మోసుకొచ్చేవారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాకు అదే పని: మూత విప్పడం, దుమ్ము ఊదడం, అరిగిన ఫ్యాను మార్చడం. మే నెల వచ్చేసరికి ఇంకో కేబినెట్ విప్పాలంటే చేతులు లేచేవి కావు.

అప్పుడే దగ్గర్లోని మన్నళ్ళి అనే ఊరి నుంచి సునీత వచ్చింది. ఆమె భర్త హైదరాబాద్‌లో ఒక కంపెనీకి కారు నడిపేవాడు. ఇంటి దగ్గర ఆమె, అత్త రత్నమ్మ ఉండేవారు. హైదరాబాద్ ఆఫీసు ఒకటి స్కాన్ చేసిన కాగితాలను సీడీల్లో పంపితే, సునీత వాటిని చూసి టైపు చేసి, బీదర్‌కొచ్చి నెట్ సెంటర్ నుంచి ఫైళ్ళు పంపేది.

కంప్యూటర్ మధ్యాహ్నం కాగానే ఉన్నట్టుండి ఆగిపోతోందని చెప్పింది. విప్పి చూస్తే హీట్ సింక్ నిండా తెల్లటి దుమ్ము. హీట్ సింక్ అంటే ప్రాసెసర్ నెత్తిన కూర్చునే అల్యూమినియం రేకుల దిమ్మ. ప్రాసెసర్‌లోని వేడిని అది లాక్కుంటుంది, పైనున్న ఫ్యాను ఆ వేడిని తోసేస్తుంది. రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు. వేడి హద్దు దాటితే మిషన్ కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. దీన్ని థర్మల్ షట్‌డౌన్ అంటాం. ఆ తెల్లటి దుమ్ము చూసి గోడ సున్నం రాలుతోందేమో అనుకున్నాను. శుభ్రం చేసి, ప్రాసెసర్‌కూ ఆ దిమ్మకూ మధ్య వేడిని అందించే థర్మల్ పేస్టు కొత్తగా రాసి పంపించాను.

కొన్నాళ్ళకే మళ్ళీ తెచ్చింది. మళ్ళీ శుభ్రం చేశాను. మూడోసారి ఆటోలోంచి కేబినెట్ దింపుతుంటే ఆమె మొహం చూడలేకపోయాను.

"అన్నా, మీ దుకాణంల మంచిగనే నడుస్తది. మా ఇంటికి వోతే సస్తది. ఇగ ఫైలు లేటయితే పని బంద్ అన్నరు హైదరాబాదోళ్ళు. పెండ్లయినంక నాది అనేటిది గీ పనొక్కటే ఉన్నది" అన్నది.

"రేపు నేనే మీ ఇంటికొస్త. మిషన్ ఏడ పెట్టిన్రో సూడాలె" అన్నాను. వెళ్ళాలని నిజానికి లేదు. ఆ ఎండలో బస్సెక్కాలంటేనే నీరసం వచ్చింది.

మన్నళ్ళిలో బస్సు దిగి అడిగితే, "గిర్నోళ్ళ ఇల్లా? గా సప్పుడు ఇనొస్తలేదా?" అన్నారు. రత్నమ్మ పిండి గిర్ని, అంటే పిండి మర, నడుపుతుందన్న మాట సునీత నాతో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచి ఉండదు.

ముందు గిర్ని, దాని పక్కనే రేకుల గదిలో కంప్యూటర్. రెండింటికీ మధ్య తలుపు లేదు, చీరతో కట్టిన పరదా ఉంది. గిర్నిలో జొన్నలు ఆడిస్తుంటే పిండి పొగలాగా గదిలోకి వస్తోంది. కేబినెట్ మీద తడి తువాలు కప్పి ఉంది.

"సల్లగుంటదని ఏసిన అన్నా" అన్నది సునీత.

మూత విప్పాను. పిండి, తడి కలిసి హీట్ సింక్ రేకుల మధ్య రొట్టె పిండిలా గట్టిపడిపోయింది. పుల్లతో గీకుతూ ఉంటే పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చింది. అప్పటికి గిర్ని చప్పుడు ఆగింది. తల వెంట్రుకల నుంచి కనుబొమల దాకా పిండితో తెల్లగా ఉన్న రత్నమ్మ పరదా పట్టుకుని నిలబడింది.

"గది నా పిండేనా బిడ్డా?"

"అవునమ్మా. గిర్ని పక్కన గీ మిషన్ నడువది."

"అంటే గిర్ని బంద్ జేయమంటవా?" ఆమె గొంతు గట్టిగానే లేచింది. బయట గంపలతో కూర్చున్న ఆడవాళ్ళు ఇటు తిరిగారు.

"అత్తమ్మా, అన్న గట్ల అనలే" అంటూ సునీత అడ్డం వచ్చింది. కానీ ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిర్ని ఆగదు, పని పోతుంది అని ఆమె అప్పుడే అనుకున్నట్టుంది.

నేను ఇల్లంతా తిరిగి చూశాను. వెనక మట్టి మిద్దె గది ఒకటి ఉంది. గోడలు మూరెడు మందం, లోపల చల్లగా ఉంది. రత్నమ్మ మంచం, జొన్న సంచులు, కంది సంచులు అందులోనే. ఇక్కడైతే మిషన్ నడుస్తుందని చెప్పాను. రత్నమ్మ తన మంచం వంక, సంచుల వంక చూసింది.

"పెట్టుర్రి. నేను రేకుల గదిల పండుకుంట" అన్నది చివరికి.

"నువ్వు ఆడ పండుకుంటె నాకు పనే వద్దు అత్తమ్మా. సంచులు ఆడికి వోతయ్, నువ్వు గాదు" అన్నది సునీత. అని, ఇక ఎవరి మాటా వినకుండా ఒక సంచి మూతి పట్టుకుని ఈడవడం మొదలుపెట్టింది. రత్నమ్మ ఒక క్షణం చూసి, వెళ్ళి రెండో కొస పట్టుకుంది. నేనూ పట్టాను.

మంచానికి ఎదురుగా, గోడకు జానెడు దూరంలో బల్ల వేశాం. తువాలు తీసేయించాను. మిట్ట మధ్యాహ్నం గిర్ని తిప్పమన్నాను, ఇటు సునీతను టైపు చేయమన్నాను. ముగ్గురం భయపడుతూనే ఉన్నాం. పొద్దు వాలింది, మిషన్ ఆగలేదు.

సాయంత్రం రత్నమ్మ గది ముందుకొచ్చి, చీర దులుపుకుని, కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపల అడుగుపెట్టింది. పెట్టీపెట్టగానే దగ్గు తెర వచ్చింది. తగ్గాక నవ్వుతూ అన్నది:

"దాని ఊపిరిల పిండి నువ్వు సాఫ్ జేసినవ్. మా ఊపిరిలది ఎవలు జేస్తరు బిడ్డా?"

తర్వాతి వారం దుకాణంలో మూలన పడి ఉన్న పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను పట్టుకెళ్ళి గిర్ని గోడకు బిగించాను. ముక్కుకు గుడ్డ కట్టుకోమని రత్నమ్మకు చెప్పాను. ఆమె కొన్నాళ్ళు కట్టుకుని, ఉక్కపోస్తుందని తీసేసిందట.

సునీత పని పోలేదు. ఆ ఆఫీసు మూతపడేదాకా అదే మిషన్ మీద చేసింది. ఆ తర్వాత ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే పని దొరికింది. రత్నమ్మ దగ్గు తగ్గింది కానీ పోలేదు. గిర్నీ ఆగలేదు.

అప్పటి నుంచి ఎవరింటికి వెళ్ళినా, మూత విప్పే ముందు ఆ గదిలో కాసేపు ఊరికే కూర్చుంటాను. నాకు ఊపిరాడని చోట మిషన్‌కూ ఆడదు. మిషన్‌నైతే పక్క గదికి మార్చొచ్చు. ఆ గాలిలోనే బతకాల్సిన మనుషులను ఏం చేయాలన్నది మాత్రం ఇన్నేళ్ళైనా నాకు చేతకాని రిపేరే.